బొమ్మ మీ సైటుది, చూపు ఆగేది గూగుల్‌లో: ఇమేజ్ సెర్చ్ ట్రాఫిక్, కాపీరైట్ లెక్కలు

క్లుప్తంగా

సెర్చ్ ఇంజిన్ వరుసగా పేర్చి చూపే చిన్న బొమ్మల మీద అమెరికా, జర్మనీ కోర్టులు ఎప్పుడో తీర్పులిచ్చాయి. అవి సక్రమమేనన్నాయి. సైట్ల రాబడిని దెబ్బతీసేది ఆ చిన్న బొమ్మ కాదు, దాన్ని నొక్కితే తెరుచుకునే పెద్ద బొమ్మ. చట్టం చూసేది కాపీ ఏ సర్వరులో ఉందని. సైటు యజమానికి కావలసింది చూసేవాడి చూపు ఎక్కడ ఆగిందని. ఇమేజ్ సెర్చ్ తగాదాలన్నీ ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే పుడుతున్నాయి. పెద్ద బొమ్మ కనిపించాలా, ఎంత సైజులో కనిపించాలి అన్న మీటలు చాలావరకు యజమాని చేతిలోనే ఉన్నాయి. వాటిని ముట్టకపోతే అంగీకారం ఇచ్చినట్టే లెక్క.

ముగ్గుకీ గుత్తి వంకాయకీ తేడా

ధనుర్మాసం రాగానే ముగ్గుల కోసం వెతుకులాట మొదలవుతుంది. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా" అని రాసి ఉన్న ముగ్గు ఒకటి ఇమేజ్ సెర్చ్‌లో కనపడిందనుకుందాం. చుక్కలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా తెర మీద కనపడితే చాలు, వెతికిన మనిషి పని అయిపోయినట్టే. ఫోను పక్కన పెట్టి ముగ్గు డబ్బా అందుకుంటారు. ఆ ముగ్గు ఎవరి సైటుదో చూసే అవసరం ఎక్కడా రాదు.

గుత్తి వంకాయ కూర ఫోటో దగ్గర జరిగేది వేరు. ఫోటో నోరూరిస్తుంది గానీ మసాలాలో పల్లీలెన్ని, నువ్వులెన్ని, చింతపండు ఎప్పుడు పోయాలన్నది చెప్పదు. ఆ వివరం కోసం సైటులోకి రావలసిందే. అక్కడ ఫోటో బోర్డు లాంటిది, సరుకు లోపల ఉంది. ముగ్గు సైటుకు బోర్డే సరుకు.

ఇమేజ్ సెర్చ్ మీద సైటు యజమానుల మాటలు ఒకదానికొకటి పొసగకపోవడానికి మొదటి కారణం ఇదే. జాకెట్టు డిజైన్లు, మెహందీ, వాల్‌పేపర్లు, పండుగ శుభాకాంక్షల కార్డులు, సినిమా స్టిల్స్ పెట్టే సైట్లు ముగ్గుల కోవలోకి వస్తాయి. వంటలు, యాత్రా వివరాలు, మోటారు రిపేర్లు, అమ్మకానికి పెట్టిన చీరలు రెండో కోవ. ఒకే ప్రదర్శన పద్ధతి మొదటివారి కడుపు కొడుతుంది, రెండోవారికి ఉచిత ప్రచారం అవుతుంది. సగటు లెక్కలు తీసి "ఇమేజ్ సెర్చ్ మంచిదా చెడ్డదా" అని తేల్చాలని చూసే వ్యాసాలు ఈ తేడా దగ్గరే తప్పటడుగు వేస్తుంటాయి.

నొక్కగానే జరిగేది

గూగుల్ పంపే యంత్రం (బాట్) గూగుల్‌బాట్ పేజీని చదువుతుంది. ఈ చదవడాన్నే క్రాల్ అంటారు. బొమ్మల ఫైళ్లను గూగుల్‌బాట్-ఇమేజ్ అనే పేరుతో తెచ్చుకుంటుంది. తెచ్చిన ఫైలు నుంచి ఒక చిన్న బొమ్మ, అంటే థంబ్‌నెయిల్, తయారు చేసి తన సర్వర్లలో దాచుకుంటుంది. ఎవరైనా వెతికినప్పుడు వరుసలుగా కనపడేవి ఈ చిన్న బొమ్మలే. ఈ దశలో సైటు సర్వరుకు ఒక్క అభ్యర్థన కూడా రాదు.

ఒక బొమ్మను నొక్కితే ప్యానెల్ తెరుచుకుంటుంది. ముందు థంబ్‌నెయిల్‌నే సాగదీసి కాస్త మసకగా చూపిస్తుంది, క్షణంలో స్పష్టమైన బొమ్మ వచ్చి కూర్చుంటుంది. ఆ స్పష్టమైన బొమ్మ గూగుల్ దగ్గరిది కాదు. చూసేవారి బ్రౌజరు నేరుగా మూల సైటు సర్వరు నుంచి తెచ్చుకున్నది. దీన్ని ఇన్‌లైన్ లింకింగ్ అంటారు. బొమ్మ గూగుల్ పేజీలో కనిపిస్తుంది, డేటా ఖర్చు సైటు యజమాని ఖాతాలో పడుతుంది.

ఒక్కో బొమ్మ 300 కిలోబైట్లు ఉండి నెలలో 10,000 మంది ఇలా పెద్దది చేసి చూశారనుకుంటే సర్వరు నుంచి సుమారు 3 గిగాబైట్లు వెళ్తాయి. నేటి హోస్టింగ్ ధరల్లో అది పెద్ద మొత్తమేమీ కాదు. అసలు నష్టం వేరే చోట ఉంది. పేజీ తెరుచుకోలేదు కాబట్టి ప్రకటన కనపడదు. పేజీలోని జావాస్క్రిప్టు నడవదు కాబట్టి సందర్శకులను లెక్కించే అనలిటిక్స్‌లో ఆ మనిషి వచ్చినట్టే నమోదు కాదు. సర్వరు లాగ్ ఫైల్లో మాత్రం బొమ్మ ఫైలుకు వచ్చిన అభ్యర్థన కనిపిస్తుంది. అనలిటిక్స్‌లో జనం తగ్గారు, బ్యాండ్‌విడ్త్ మాత్రం తగ్గలేదు అని హోస్టింగ్ కంపెనీతో వాదనకు దిగేవారు ఒకసారి ఆ లాగ్ తెరిచి బొమ్మ ఫైళ్ల వరుసలు చూస్తే లెక్క కుదురుతుంది.

సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పనితీరు నివేదిక తెరిచి సెర్చ్ రకాన్ని "ఇమేజ్"కి మారిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి: బొమ్మ ఎన్నిసార్లు కనపడింది, ఎన్ని క్లిక్కులు వచ్చాయి. బొమ్మను ప్యానెల్‌లో పెద్దది చేసి చూడటం క్లిక్కు కాదు. అక్కడి నుంచి సైటుకు వస్తేనే క్లిక్కు. కాబట్టి లక్షసార్లు కనపడి వందే క్లిక్కులు వచ్చాయంటే బొమ్మ బాగాలేదని అర్థం చెప్పుకోనక్కరలేదు. అది ముగ్గు లాంటిదై, ప్యానెల్‌లోనే పని అయిపోయి ఉండవచ్చు.

2013లో మారిన తెర, 2018లో తీసేసిన బటన్

గూగుల్ ఇమేజ్ సెర్చ్ 2001 జులైలో మొదలైంది. అంతకు ముందు ఏడాది గ్రామీ వేడుకలో జెన్నిఫర్ లోపెజ్ వేసుకున్న ఆకుపచ్చ గౌను ఫోటో కోసం జనం ఎగబడటం ఈ ఆలోచనకు బీజమని ఆ సంస్థ మాజీ అధిపతి ఎరిక్ ష్మిట్ తరవాత రాశారు. 2013కు ముందున్న పద్ధతిలో ఒక విచిత్రం ఉండేది. థంబ్‌నెయిల్ నొక్కితే బొమ్మ ముందుకు వచ్చేది, దాని వెనక మసకగా మూల సైటు పేజీ మొత్తం లోడయ్యేది. చూసేవాడు ఆ పేజీని పట్టించుకోకపోయినా సైటు లెక్కలో ఒక సందర్శన పడేది, ప్రకటన లోడయ్యేది.

2013 జనవరిలో గూగుల్ ఆ వెనక పేజీని తీసేసి, ఫలితాల మధ్యలోనే నల్లటి ప్యానెల్‌లో పెద్ద బొమ్మ చూపడం మొదలుపెట్టింది. మూల పేజీకి వెళ్ళే దారులు రెండు నుంచి నాలుగయ్యాయని, పరీక్షల్లో క్లిక్కుల శాతం సగటున పెరిగిందని, వెనక లోడయ్యే దొంగ సందర్శనల భారం సర్వర్లకు తప్పిందని ఆ సంస్థ వివరణ. డిఫైన్ మీడియా గ్రూప్ అనే అమెరికా సంస్థ తాను చూసే 87 డొమైన్ల లెక్క తీస్తే ఇమేజ్ సెర్చ్ నుంచి వచ్చే సందర్శనలు 63 శాతం పడిపోయాయని తేలింది. రెండు మాటలూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు. పాత లెక్కలో చాలా భాగం వెనక లోడయిన నీడ సందర్శనలే. కానీ ఆ నీడ సందర్శనలకు కూడా ప్రకటనల డబ్బు వచ్చేదన్న సంగతి గూగుల్ వివరణలో లేదు.

ఆ ప్యానెల్‌లోని ఒక బటన్ ఫోటోగ్రాఫర్లకు మరీ మంట పుట్టించింది. "బొమ్మ చూడండి" అన్న ఆ బటన్ నొక్కితే పేజీ లేకుండా ఒట్టి ఫైలు తెరుచుకునేది. పేరు లేదు, షరతులు లేవు, ధర లేదు. కుడి క్లిక్కు, సేవ్, అంతే. ఫోటో ఏజెన్సీల ఐరోపా సంఘం సెపిక్ 2013లోనే యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. జర్మనీ, ఫ్రాన్స్‌లలో వ్యతిరేకత ఎంతగా ఉందంటే అక్కడ 2017 దాకా పాత పద్ధతే కొనసాగింది. 2016 ఏప్రిల్‌లో ఫోటోల లైసెన్సులు అమ్మే గెట్టీ ఇమేజెస్ కూడా కమిషన్ తలుపు తట్టింది.

2018 ఫిబ్రవరిలో గూగుల్, గెట్టీ మధ్య లైసెన్సు ఒప్పందం కుదిరింది, గెట్టీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. అదే నెలలో "బొమ్మ చూడండి" బటన్ మాయమైంది. ఒక్క బటన్ ఉండాలా పోవాలా అన్నది తేలడానికి అయిదేళ్లు పట్టింది. తేల్చింది కూడా ఏ కోర్టు తీర్పో కాదు, రెండు కంపెనీల బేరం. ప్యానెల్‌లో పెద్ద బొమ్మ మాత్రం అలాగే ఉంది. కుడి క్లిక్కుతో కొత్త ట్యాబులో తెరవడం ఇప్పటికీ సాధ్యమే.

కోర్టులు చూసింది చిన్న బొమ్మనే

అమెరికాలో మొదటి పెద్ద కేసు లెస్లీ కెల్లీ అనే ఫోటోగ్రాఫర్‌ది. అరిబా సాఫ్ట్ అనే ఇమేజ్ సెర్చ్ సంస్థ తన ఫోటోల థంబ్‌నెయిళ్లు చూపుతోందని ఆయన అభ్యంతరం. తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2002లో థంబ్‌నెయిళ్లు ఫెయిర్ యూజ్ (అనుమతి లేకున్నా చెల్లే న్యాయమైన వాడకం) కిందికి వస్తాయంది. అదే తీర్పులో, పూర్తి సైజు బొమ్మను తన పేజీలోకి లాగి చూపడం ఉల్లంఘనేనని కూడా అంది. 2003లో ఆ రెండో భాగాన్ని ఉపసంహరించుకుంది. ఆ భాగం నిలిచి ఉంటే తరవాతి ఇరవై ఏళ్ల ఇమేజ్ సెర్చ్ చరిత్ర వేరుగా ఉండేదేమో.

2007లో పర్ఫెక్ట్ 10 అనే పత్రికా సంస్థ గూగుల్ మీద వేసిన కేసులో అదే కోర్టు గీత గీసింది. థంబ్‌నెయిల్ ఉద్దేశం అందం కాదు, దారి చూపడం, కాబట్టి అది మూల చిత్రానికి భిన్నమైన ఉపయోగం అంది. పూర్తి సైజు బొమ్మ గూగుల్ సర్వరులో లేదు, బ్రౌజరుకు చిరునామా మాత్రమే గూగుల్ ఇస్తోంది, కాబట్టి నేరుగా ప్రదర్శించినట్టు కాదు అంది. దీనికే సర్వర్ టెస్ట్ అని పేరు. న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2018లో గోల్డ్‌మన్ కేసులో ఈ పరీక్షను ఒప్పుకోలేదు. తొమ్మిదో సర్క్యూట్ మాత్రం 2023లో ఇన్‌స్టాగ్రామ్ మీద వచ్చిన హన్లీ కేసులో దాన్నే మళ్ళీ నిలబెట్టింది.

ఇక్కడి తర్కాన్ని ముగ్గు సైటుకు అన్వయిస్తే చిక్కు బయటపడుతుంది. చూసేవారి కంటికి గూగుల్ పేజీలోనే పూర్తి ముగ్గు కనపడుతోంది, సైటు అవసరం తీరిపోతోంది. కానీ ఫైలు సైటు సర్వరులోనే ఉంది కనక, సర్వర్ టెస్ట్ ప్రకారం దాన్ని ప్రదర్శిస్తున్నది ఆ సైటే!

జర్మనీ వేరే దారిన వెళ్లి దాదాపు అక్కడికే చేరింది. ఒక చిత్రకారిణి తన సైటులోని చిత్రాలు గూగుల్ థంబ్‌నెయిళ్లుగా చూపుతోందని దావా వేసింది. అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2010 ఏప్రిల్ 29న ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: అడ్డుకునే సాంకేతిక మార్గాలు అందుబాటులో ఉన్నా వాడకుండా బొమ్మలను బహిరంగంగా పెట్టిన వ్యక్తి, సెర్చ్ ఇంజిన్లు మామూలుగా చేసే పనికి అంగీకరించినట్టే. మౌనమే అంగీకారమన్నమాట. ఆ మౌనాన్ని ఛేదించే మాట రోబోట్స్ ఫైల్లో, అంటే సైటులో ఏది చదవవచ్చో ఏది వద్దో బాట్‌లకు చెప్పే చిన్న ఫైల్లో, రాయాలి.

ఐరోపా న్యాయస్థానం 2021 మార్చిలో ఈ తర్కాన్ని రెండోవైపు నుంచి పూర్తిచేసింది. ఫ్రేమింగును, అంటే ఒక సైటు బొమ్మను మరో పేజీలో పొదిగి చూపడాన్ని, అడ్డుకునే సాంకేతిక రక్షణను హక్కుదారు పెట్టినా దాన్ని తప్పించుకుని బొమ్మను వేరే పేజీలో చూపిస్తే దానికి విడిగా అనుమతి కావాలంది. బొమ్మను దించుకుని సొంత సర్వరులో పెట్టుకోవడం మరో కథ. మూల సైటులో ఉచితంగా కనపడుతున్న ఫోటోనైనా అలా పెట్టాలంటే అనుమతి ఉండాలని 2018లోనే ఆ కోర్టు చెప్పింది.

భారత చట్టంలోని ఒక చిన్న మాట

1957 కాపీరైట్ చట్టంలో ఫోటో కళాకృతి కిందే వస్తుంది. హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. 2012 సవరణ ముందు ఫోటోలకు ప్రచురణ నుంచి 60 ఏళ్ల రక్షణే ఉండేది, ఇప్పుడు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు.

తరచూ పొరపాటు జరిగేది యజమాని ఎవరన్న దగ్గర. సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఉద్యోగంలో భాగంగా తీస్తే యజమాన్యం. స్వయంగా తీసి స్టాక్ సైటుకు ఇస్తే తీసినవారు. గూగుల్‌కు ఫిర్యాదు పంపే ముందు ఇది తేల్చుకోకపోతే ఎదుటివాడు మొదటి జవాబులోనే దెబ్బకొడతాడు. ముగ్గుల సంగతిలో ఇంకో మెలిక ఉంది. తరాలుగా వేస్తున్న రథం ముగ్గు ఎవరి సొత్తూ కాదు. దాన్ని వాకిట్లో వేసి తీసిన ఫోటో మాత్రం హక్కుకు లోబడిందే. ఫోటో చూసి తన వాకిట్లో అదే ముగ్గు వేసుకున్న మనిషి మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు, ఆ ఫోటోనే దించుకుని తన యాప్‌లో పెట్టుకున్నవాడి మీద ఉంటుంది.

సెర్చ్ ఇంజిన్లకు నేరుగా సంబంధించింది సెక్షన్ 52(1)(సి). లింకులు, అందుబాటు కల్పించడం కోసం తాత్కాలికంగానో యాదృచ్ఛికంగానో నిల్వ చేయడం ఉల్లంఘన కాదంటుంది, అయితే హక్కుదారు స్పష్టంగా నిషేధించి ఉండకూడదు. ఆ "స్పష్టంగా నిషేధించకపోతే" అన్న షరతు జర్మన్ తీర్పులోని మౌనాంగీకారానికి దగ్గరి చుట్టం. సైటు అడుగున చిన్న అక్షరాలతో రాసిన "అన్ని హక్కులూ మావే" కన్నా, యంత్రం చదవగలిగే రోబోట్స్ సూచన బలమైన నిషేధంగా నిలుస్తుందని వాదించవచ్చు. నెలల తరబడి దాచుకునే థంబ్‌నెయిల్ "తాత్కాలికం" ఎలా అవుతుందన్న ప్రశ్న కూడా ఆ మాటల్లోనే దాగి ఉంది.

రాతపూర్వక ఫిర్యాదు అందితే 36 గంటల్లో అందుబాటు ఆపాలని 2013 కాపీరైట్ నిబంధనలు చెబుతున్నాయి. 21 రోజుల్లోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్ళీ తెరవవచ్చు. ఈ 21 రోజుల గడువు చాలామందికి తెలియదు. ఫోటో పోయిందని ఊపిరి పీల్చుకున్న నెలకల్లా తిరిగి ప్రత్యక్షమైతే ఆశ్చర్యపోతారు.

యజమాని చేతిలోని మీటలు

మొదటిది పేజీలో రాసే మ్యాక్స్-ఇమేజ్-ప్రివ్యూ అనే రోబోట్స్ సూచన. 2019 సెప్టెంబరులో, వార్తా ప్రచురణకర్తల హక్కుల మీద ఫ్రాన్స్ చట్టం తెచ్చిన ఒత్తిడి నడుమ గూగుల్ దీన్ని ప్రకటించింది. దీనికి మూడు విలువలు: నన్ అంటే బొమ్మ ప్రివ్యూ వద్దు, స్టాండర్డ్ అంటే మామూలు సైజు, లార్జ్ అంటే తెర వెడల్పు దాకా. వర్డ్‌ప్రెస్ 5.7 వెర్షను నుంచి, అంటే 2021 మార్చి నుంచి, ఈ విలువ దానంతటదే లార్జ్‌గా పడుతోంది. అంటే వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైట్ల యజమానుల్లో ఎందరో తమకు తెలియకుండానే పెద్ద బొమ్మకు రాతపూర్వకంగా సరేనన్నారు. పేజీ సోర్సు తెరిచి రోబోట్స్ మెటా ట్యాగు వెతికితే సంగతి నిమిషంలో తేలుతుంది.

అయితే లార్జ్‌ను కంగారుగా తీసేయడం కూడా మంచిది కాదు. ఫోన్లలో వెతకకుండానే వ్యాసాలు చూపే గూగుల్ డిస్కవర్‌లో పెద్ద కార్డు రావాలంటే 1200 పిక్సెళ్లకు తక్కువ కాని బొమ్మ, లార్జ్ అనుమతి రెండూ ఉండాలి. వార్తల, వంటల సైట్లకు డిస్కవర్ నుంచి వచ్చే జనం ఇమేజ్ సెర్చ్ కన్నా ఎక్కువ ఉండొచ్చు. ముగ్గుల గ్యాలరీ పేజీలకు స్టాండర్డ్, వ్యాసాలకు లార్జ్ అని విడదీయడం నయం.

రెండో మీట అంతగా ప్రచారంలో లేదు. ఇన్‌లైన్ లింకింగ్ నుంచి తప్పుకోవడానికి గూగుల్ పత్రాల్లోనే చెప్పిన పద్ధతి అది. బొమ్మ ఫైలు కోసం అభ్యర్థన వచ్చినప్పుడు రెఫరర్ హెడరు, అంటే అభ్యర్థన ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే వరుస, చూడాలి. అది గూగుల్ డొమైన్ అయితే 200 గానీ 204 గానీ కోడుతో ఖాళీ జవాబు పంపాలి. అప్పుడు ప్యానెల్‌లో స్పష్టమైన బొమ్మ రాదు, క్రాల్ సమయంలో చేసుకున్న థంబ్‌నెయిలే కనపడుతుంది. బొమ్మ ఇండెక్సులోనే (గూగుల్ సెర్చ్ జాబితాలోనే) ఉంటుంది, ర్యాంకుకు శిక్ష ఉండదు, మళ్ళీ క్రాల్ అయ్యేదాకా ఆగనక్కరలేదు. ముగ్గు సైటుకు ఇంతకన్నా సరిపోయే మీట లేదు. చుక్కలు లెక్కపెట్టాలంటే లోపలికి రావలసిందే.

దీనిలో చెడేది ఎక్కువగా సీడీఎన్ (సైటు ఫైళ్ల నకళ్లను పాఠకులకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ) దగ్గర. గూగుల్ నుంచి వచ్చినవాడికి పంపిన ఖాళీ జవాబును సీడీఎన్ దాచుకుని, అదే జవాబును సొంత పాఠకులకు కూడా ఇచ్చేస్తే సైటంతా బొమ్మలు మాయమవుతాయి. నియమాన్ని సీడీఎన్ అంచులోనే రాయాలి, లేదా ఆ జవాబును దాచవద్దని చెప్పాలి.

మూడోది పూర్తి నిషేధం. రోబోట్స్ ఫైల్లో గూగుల్‌బాట్-ఇమేజ్‌కు ఫలానా ఫోల్డరు వద్దని రాయడం, లేదా పేజీలో నోఇమేజ్ఇండెక్స్ ట్యాగు పెట్టడం. రెండోది ఆ పేజీ వరకే పనిచేస్తుంది. అదే ఫైలును వేరే పేజీ వాడుకుంటే అటునుంచి ఇండెక్సులోకి రావచ్చు. ఫైలుకే ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ హెడరులో నోఇండెక్స్ (ఇండెక్సులో చేర్చవద్దన్న సూచన) పెట్టేవారు ఒక తప్పు చేస్తారు: అదే ఫైలును రోబోట్స్ ఫైల్లో కూడా అడ్డుకుంటారు. బాట్ లోపలికి రాకపోతే హెడరు ఎలా చదువుతుంది? రెండింటిలో ఒకటే వాడాలి.

హోస్టింగ్ నియంత్రణకు వాడే సీపానెల్‌లో దొరికే హాట్‌లింక్ రక్షణ మొరటు సాధనం. ఇతర సైట్లు బొమ్మను లాక్కోవడం ఆపుతుంది గానీ, రెఫరర్ లేని అభ్యర్థనలను కూడా ఆపేలా పెడితే గూగుల్‌బాట్-ఇమేజ్‌కు 403 (ప్రవేశం లేదన్న జవాబు) వెళ్తుంది. కొన్ని వారాల్లో బొమ్మలు ఇండెక్సు నుంచి రాలిపోతాయి, వాట్సాప్‌లో పంచుకున్న లింకులకు బొమ్మ రాదు. సైటు డొమైనుకు ముందు డబ్ల్యూలు ఉన్న రూపం, లేని రూపం రెండూ అనుమతి జాబితాలో చేర్చకపోతే సొంత పేజీల్లోనే బొమ్మలు విరుగుతాయి.

బ్లాగర్ వాడే తెలుగు బ్లాగులకు ఈ మీటల్లో సగం అందవు. అక్కడ బొమ్మలు గూగుల్ సొంత సర్వర్ల మీద, వేరే డొమైనులో ఉంటాయి. బ్యాండ్‌విడ్త్ భారం లేదు, దాంతోపాటే రెఫరర్ చూసి ఆపే వీలూ లేదు. సెట్టింగులలో కస్టమ్ రోబోట్స్ హెడర్ ట్యాగుల కింద నోఇమేజ్ఇండెక్స్ ఒకటి దొరుకుతుంది, అంతే.

కాపీ మీ కన్నా పైన కనపడినప్పుడు

పెద్ద బొమ్మ చూపడం ఒక నష్టమైతే, దాన్ని దించుకున్నవాడి సైటు ఫలితాల్లో పైకి రావడం ఇంకో నష్టం. గూగుల్ తొలగింపు ఫారంలో మూల బొమ్మ ఉన్న పేజీ, కాపీ ఉన్న పేజీ, కాపీ ఫైలు చిరునామా విడివిడిగా ఇవ్వాలి. ఇక్కడ మామూలు పొరపాటు ఫలితాల్లోని థంబ్‌నెయిల్ చిరునామాను అతికించడం. అది గూగుల్ సర్వరుది, పనికిరాదు. కాపీ ఉన్న సైటు తెరిచి అక్కడి ఫైలు చిరునామా తీసుకోవాలి. ఫారం నెగ్గితే పోయేది ఫలితాల్లోని జాడ మాత్రమే. కాపీ ఆ సర్వరులో అలాగే ఉంటుంది కాబట్టి హోస్టింగ్ సంస్థకు విడిగా రాయాలి.

బొమ్మతో పాటు పేరు ప్రయాణం చేయాలంటే ఐపీటీసీ మెటాడేటా ఉంది. తీసినవారి పేరు, హక్కు ప్రకటన, లైసెన్సు పేజీ చిరునామా ఫైలులోపలే రాసిపెడతారు. 2018 సెప్టెంబరు నుంచి గూగుల్ ఈ పేర్లు చూపుతోంది. 2020 ఆగస్టు నుంచి లైసెన్సు వివరం ఉన్న బొమ్మల మీద "లైసెన్సు దొరుకుతుంది" అన్న గుర్తు వేస్తోంది. ఇదే సమాచారాన్ని పేజీలో స్ట్రక్చర్డ్ డేటాగానూ (యంత్రం చదివే పద్ధతిలో) ఇవ్వవచ్చు. రెండూ పొసగకపోతే గూగుల్ పేజీలో ఉన్నదాన్నే తీసుకుంటుంది. మెటాడేటా దారిలోనే రాలిపోతుందన్నది అసలు బాధ. వాట్సాప్ దాన్ని తీసేస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో బొమ్మల పనికి జీడీ లైబ్రరీ వాడే సర్వరైతే చిన్న సైజులు తయారుచేసేటప్పుడు చెరిపేస్తుంది, బరువు తగ్గించే ప్లగిన్లు కూడా అదే చేస్తాయి. సైటులో పెట్టిన తరవాత ఫైలును మళ్ళీ దించుకుని మెటాడేటా మిగిలిందో లేదో చూడాలి. వేరొకరి బొమ్మలోని హక్కుల సమాచారాన్ని తెలిసి తీసేయడం మన చట్టంలో సెక్షన్ 65బి కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడే నేరం.

వాటర్‌మార్కు మాట కూడా ఇందులోనే వస్తుంది. మూలన వేసిన పేరు కత్తిరింపుకు పోతుంది. ముగ్గులో అయితే చుక్కల వరుసల మధ్య లేతగా వేస్తే తీయడం కష్టం, చూసేవారికి అడ్డూ రాదు. ప్యానెల్‌లోనే చూసి వెళ్లిపోయిన మనిషి కూడా సైటు పేరు చదివే వెళ్తాడు.

లెన్స్, ఏఐ జవాబులు వచ్చాక

గూగుల్ లెన్స్ వచ్చాక వెతుకులాట బొమ్మతోనే మొదలవుతోంది. చీర ఫోటో తీసి అలాంటివే చూపమంటే దుకాణాల సైట్లకు లాభం, ఒట్టి గ్యాలరీలకు అంతగా ఉండదు. ఫలితాల పైభాగంలో ఏఐ రాసే సారాంశం 2024 ఆగస్టు నుంచి భారత్‌లో కనిపిస్తోంది. ఇప్పటిదాకా సైటుకు రప్పిస్తూ వచ్చిన గుత్తి వంకాయ కొలతలు కూడా అక్కడే దొరికితే, రెండో కోవ సైట్లు కూడా ముగ్గుల సైట్ల పక్కన చేరతాయి.

2023 సెప్టెంబరులో గూగుల్ ఇచ్చిన గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనే రోబోట్స్ పేరును దీనికి విరుగుడుగా చాలామంది పొరబడుతున్నారు. అది జెమినై నమూనాల శిక్షణ లాంటి వాటికి సంబంధించింది. సెర్చ్‌లో బొమ్మ ఎలా కనపడాలన్న దానిమీద దాని ప్రభావం లేదు. అక్కడ ఇప్పటికీ పనిచేసేవి పైన చెప్పిన పాత మీటలే.

ఏ మీటనైనా సైటంతటికీ ఒకేసారి తిప్పడం కన్నా ఒక్క ఫోల్డరులోని బొమ్మలకు పెట్టి చూడటం మేలు. సెర్చ్ కన్సోల్‌లో ముందు 28 రోజులు, తరవాత 28 రోజులు పక్కపక్కన పెట్టి, ముట్టని ఫోల్డరుతో పోల్చాలి. ముగ్గుల సైటైతే ఈ పరీక్ష డిసెంబరు, జనవరిలో చేయకూడదు. సంక్రాంతి ఎత్తు, దాని తరవాతి పల్లం కలిసి ఏ మీట ఫలితాన్నైనా కప్పేస్తాయి.